బిడ్డ గుర్తువట్టే చీరె

మా మేనత్త పోయింది. కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఆ ఎండకాలంల, పొద్దుగాల పొయ్యి మీద చాయ్ పెట్టిన యాళ్లకు దవాఖాన నుంచి ఫోనొచ్చింది. నర్సమ్మ గుజరాతీల మెల్లగ చెప్పింది, "మాసీ ఆఫ్ థయీ గయా" అని. సూరత్‌ల మనిషి పోతే గట్లనే అంటరు, బల్బు బందైనట్టు. ఈడ పుట్టి పెరిగిన నేను ఆ మాట ఎన్నిసార్లు విన్ననో. ఆ రోజు మాత్రం కోపమొచ్చింది. మా అత్తమ్మ ఆఫ్ అయ్యే మనిషి కాదు. ఆమె లెక్కల సావంటే పండుకునుడు, మళ్ళ లేచుడు. లేచినంక ఏం జెయ్యాల్నో కూడ ముందే సర్దిపెట్టుకున్న మనిషి.

జర మా ముచ్చట చెప్త. సిరిసిల్ల దిక్కు నుంచి సాంచెల పనికి, అంటే మరమగ్గాల పనికి వచ్చినోళ్లం మేము. మా నాయిన, మా మామ ఒక్క కార్ఖానాల పక్కపక్క సాంచెలు నడిపిన్రు. మామ అంటే అత్తమ్మ పెనిమిటి. లింబాయత్ గల్లీల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. వాళ్లకు ఒక్కతే బిడ్డ, నాకంటే నెల పెద్దది. ఆ నెల పెద్దరికానికే నాతోటి వదినా అని పిలిపించుకునేది. పేరు పెట్టి పిలిస్తే గిచ్చేది.

అత్తమ్మ ఇంట్లనే చీరెలకు లేసులు కుట్టేది. కుట్టినయి ఇచ్చిరానీకి పోయినప్పుడల్లా మా ఇద్దర్నీ ఎంట తీస్కపోయేది. గడప దిగంగనే ఒక్కటే మాట, కొంగు పట్టుకోన్రి అని. ఆ సందుల్ల రిక్షాలు మనిషిని రాసుకుంట పోతయి. వదినె కొంగు పట్టుకునేది, నేను వదినె జడ పట్టుకునేదాన్ని. ఎక్కువ దినాలు అత్తమ్మ ఒంటి మీద ఉండేది ఒక పచ్చ చీరె, ఎర్రంచుది. నేను బడిల టీచరమ్మనైనంక కూడ రోడ్డు దాటేకాడ అలవాటుగ కొంగు నా దిక్కు చాపేది. నేను సిగ్గువడకుండ పట్టుకునేదాన్ని.

వదినెకు ఆరేండ్లప్పుడు జరమొచ్చి మెదడుకెక్కింది. ఎక్కువ దినాలు బతకలే. అప్పటిదాక ఈ ఊర్ల మావోళ్లు ఎవరూ పోలే, పిల్లను యాడికి తీస్కపోవాల్నో తెల్వదు. ఎనుక గల్లీల ఉండే తెలుగు పాస్టరయ్య వచ్చి వాళ్ల సమాధుల తోటల జాగ ఇప్పించిండు. చిన్నపిల్లల్ని మా ఆచారంల కూడ బొందనే పెడ్తరు కాబట్టి ఎవ్వరూ ఏమనలే. అత్తమ్మ దేవుని కోసం చర్చికి పోలే. బిడ్డ పక్కన కూసోనీకి సమాధుల తోటకు పోయింది, ఆడికెంచి ప్రార్థనకు పోయింది.

ఓదార్చనీకి వచ్చినోళ్లు ఆత్మకు సావు లేదమ్మా అన్నరు. మళ్ళ నీ కడుపులనే పుడ్తదన్నరు. మంచి మాటలే, ఎందరికో ధైర్యమిచ్చిన మాటలే. ఆమెకు మాత్రం సరిపోలే. ఒకరోజు మా అమ్మ పక్కన కూసోని బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుండ అన్నదట: "ఆత్మను నేనేం జేసుకోను? సంకన ఎత్తుకోనీకి వస్తదా? తల దువ్వనీకి వస్తదా? మళ్ళ పుట్టేది ఇంకో పిల్ల. నాకు గా పిల్లనే గావాలె."

పాస్టరయ్య ఒక్కడే వేరే మాట చెప్పిండు. సచ్చినోళ్లు దేహంతోటి లేస్తరన్నడు. క్రీస్తు లేచినంక చేతుల గాయాలు చూపిచ్చిండు, నేను భూతాన్ని గాదు అని కాల్చిన చేప అడిగి తిన్నడు అని చెప్పిండు. ఆ చేప ముచ్చటకాడ అత్తమ్మ ఆగిపోయింది. తిన్నడా, నిజంగనే తిన్నడా అని మళ్ళ మళ్ళ అడిగి చెప్పిచ్చుకున్నది. తినే నోరున్నదంటే ముద్దు పెట్టుకునే చెంప కూడ ఉంటది గదా. ఆమె నమ్మింది అట్ల. పునరుత్థానం అనే మాట ఆమెకు నోరు తిరగకపోయేది. లేచుడు అనేది, గంతే.

అప్పట్సంది ఏటా ఈస్టరుకు ఒక గౌను కుట్టేది, మిగిలిన బట్టముక్కలతోటి, ఆరేండ్ల పిల్ల కొలతకు. తెల్లారకముందే సమాధుల తోటకు తీస్కపోయి, కొవ్వొత్తి ముట్టిచ్చి, గౌను గోరీ మీద పరిచేది. ప్రార్థనయినంక ఇంటికి తెచ్చి గల్లీల ఆ ఈడు పిల్ల ఎవరుంటే వాళ్లకు తొడిగేది. మరాఠీ వాళ్ల పిల్లనా, ఒడియా వాళ్ల పిల్లనా, సాయబుల పిల్లనా అని చూసేది కాదు. ఏటా ఇదే కొలత ఎందుకత్తమ్మా అని నేనడిగితే, చేతులకు యాదుండాలె గదా అన్నది. నన్ను మాత్రం గోడకు నిలబెట్టి చూసేది, ఇప్పుడు వదినె గింత ఉంటుండె అని. నేను పెండ్లి పీటల మీద కూసున్నప్పుడు ఆమె చూపు నన్ను దాటి ఇంకెవరి మీదనో పడ్డది. నాకు బాధ కాలే. ఇద్దరి ప్రేమ నేనొక్కదాన్నే తిన్న.

ఆమెకు ఒక్కటే రంధి. పిల్ల ఎంత ఈడుతోటి లేస్తది? ఆరేండ్లకా, నా ఈడుకా? సూరత్‌కు వచ్చిపోయే ఏ పాస్టరునూ వదల్లే. ఒకాయన మహిమ దేహం అన్నడు, ఇంకొకాయన దేవుని మర్మమన్నడు. వాళ్లకు చాయ్ పోసి పంపినంక, వీళ్లకు ఆడపిల్లల్లేనట్టున్నది అనేది. పోంగపోంగ ఆ రంధి తిరగబడ్డది. జుట్టు తెల్లబడ్డది, ముందరి పండ్లు ఊడినయి. ఒకనాడు అద్దం ముంగట నిలబడి నాతోటి అన్నది: "దాన్ని నేను గుర్తువడ్త, ఎంతున్నా గుర్తువడ్త. నన్ను అది గుర్తువడ్తదా బిడ్డా? ఎవరో ముసల్దని జడుసుకుంటదేమో."

దానికే ఆ పచ్చ చీరె దాచింది. వదినె పట్టుకుని నడిచిన కొంగు అదే. సందుక అడుగున వేపాకేసి మడిచిపెట్టింది. నన్ను ఈ చీరెల, నా బిడ్డ పక్కన బొందపెట్టున్రి, ఇంకేం అడగ అని నాతోటి మాట తీసుకున్నది. చీరె రంగు ఇసుమంత దిగలే. సూరత్ పాలిస్టర్ బిడ్డా, లేచుడు దినం దాకా చెడిపోదు అని బోసినోటితోటి నవ్వింది. నేను కూడ నవ్విన. మాటైతే ఇచ్చిన.

మామకు ఇవేవీ పట్టకపోయేది. ఆయన అంజన్నకు మొక్కే మనిషి. ఈస్టరు పొద్దుగాల ఆమెను మొదట్ల సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద తోలుకపోయి, గేటు బయట బీడి ముట్టిచ్చి నిలబడేటోడు. బిడ్డను పెట్టిననాడు లోపలికి పోయిందే, మళ్ళ అడుగు పెట్టలే. ఈ సాంచెల సప్పుడుల సచ్చినోళ్లను లేపే మీ దేవుని బూర ఎవరికి ఇనొస్తదే అని ఎక్కిరించేటోడు. నాకు ఇనరాకుంటే నా బిడ్డ తట్టి లేపుతది, నీ బీడి సంగతి నువ్వు చూసుకో అనేది అత్తమ్మ. ఇద్దరికీ అదొక సరసం.

మొదటి లాక్‌డౌన్‌ల సాంచెలన్నీ బందైనయి. లింబాయత్‌ల కాకి అరుపు వినబడ్డది. ఆ ఈస్టరు నాడు ఎవ్వరూ గడప దాటలే. అత్తమ్మ డాబా మీదికెక్కి చాలాసేపు నిలబడ్డది. కిందికొచ్చి, ఇయ్యాల ఊదినా బాగుండు, మంచిగ ఇనొస్తుండె అన్నది. మామ ఆ పొద్దు ఎక్కిరించలేదట. చాయ్ చేసి ఆయనే ఇచ్చిండట.

తర్వాతి ఈస్టరు వచ్చేసరికి నా బిడ్డకు ఆరేండ్లు నిండినయి. నేను ఇప్పుడు సూరత్‌లనే ఇంకో పేట, గోడాదరాల ఉంటున్న. గౌను పట్టుకుని అత్తమ్మనే వచ్చింది. మూతికి కొంగు చుట్టుకుని మెట్ల కిందనే ఆగింది, పైకి రానన్నది, మళ్ళ బీమారి లేచింది ఊర్ల అని. సంచి మెట్టు మీద పెట్టి ఎనుకకు జరిగింది. నా బిడ్డ గౌను తొడుక్కోనొచ్చి ముంగట నిలబడ్డది. ఒకసారి తిరుగు అంటే గిర్రున తిరిగింది. అత్తమ్మ ఎత్తుకోనీకి రెండు చేతులు చాపి, మళ్ళ తనే ఎనుకకు తీసుకున్నది. సరిపోయింది అన్నది. సందు మలుపు దాకా తిరిగి తిరిగి చూసుకుంట పోయింది. ఆమెను నేను చూసుడు అదే ఆఖరు.

ఆ నెలలనే ఊపిరాడక దవాఖానల చేరింది. మామకూ జరమే, ఇంట్ల పండుకున్నడు. దవాఖాన లోపలికి ఎవ్వర్నీ రానియ్యకపోయేది. ఆ పొద్దు ఫోన్ రాంగనే నేను లింబాయత్ ఇంటికి ఉరికి, సందుకలకెంచి పచ్చ చీరె తీసి సంచిల పెట్టుకున్న. పాస్టరయ్యను ఎంట పిలుసుకున్న. పాత పాస్టరయ్య కొడుకు ఈయన. దవాఖానకు చేరేసరికే ఆమెను పంపించేసిన్రు. ఆ దినాలల్ల ఎవర్నీ ఆపే జాగ లేకుండె. అత్తమ్మ పేరు మార్చుకోలే, మా అందరి పేర్ల లెక్కనే ఆమె పేరు. పేరు చూసి అందర్తోటి శ్మశానానికి తోలిన్రు. ఆ పేరున్న మనిషికి బొంద గావాలె అని ఎవరనుకుంటరు? తిండికి కూడ ఆగకుండ చేస్తున్నరు దవాఖానోళ్లు, వాళ్లనేమనాలె. మేము ఆడికి పోయేసరికి అంతా అయిపోయింది. పొద్దూకేటప్పుడు ఒక చిన్న కుండ చేతికిచ్చిన్రు. చీరె నా సంచిల అట్లనే ఉన్నది. బతుకంతా ఆమె అడిగింది ఆ ఒక్కటే, అది కూడ కాకపాయె అని దారి పొడుగున ఏడ్చిన.

కుండ పట్టుకుని మామ గడప కాడ నిలబడ్డ. ఆయన మంచం మీదికెంచే చూసిండు.

"కాలబెట్టిన్రా?" అన్నడు.

అవునన్న. జరానికి ఎర్రబడ్డ కండ్లు నా మీదికి ఎత్తిండు.

"మరి ఎట్ల లేస్తది?"

ఆ మాట ఆయన నోట్లకెంచి వస్తదని నేను కలల కూడ అనుకోలే. పాస్టరయ్య బయటికెంచే నిదానంగ చెప్పిండు. మన్నుతోటి మనిషిని చేసినాయనకు బూడిద పెద్ద పని గాదన్నడు. సముద్రంల మునిగినోళ్లు, మంటల కాలినోళ్లు అందరూ లేస్తరన్నడు. మామ చెయ్యి అడ్డం పెట్టిండు.

"మీ దేవుని సంగతి గాదయ్యా. ఆయన తిప్పలు ఆయన పడ్తడు. పిల్ల సంగతి అడుగుతున్న. పిల్ల తల్లిని ఎట్ల గుర్తువడ్తది?"

నేను సంచిలకెంచి చీరె తీసి గడప మీద పెట్టిన. మామ దాన్ని చూసి, అవతలికి తిరిగి పండుకున్నడు. ఆయన వీపు కదులుకుంట ఉన్నది.

ఇవన్నీ నేను నమ్ముతనా అంటే ఏం చెప్పాల్నో నాకు తెల్వదు. నేను చర్చికి పోయేదాన్ని కాదు. కని ఆమె పోయిన కాన్నుంచి నాకు ఆత్మ ముచ్చట సాలుతలేదు. ఆమె బోసినోరు కావాలె. సూది గుచ్చుకుని గరుకైన ఆమె ఏళ్లు కావాలె. రోడ్డు దాటేకాడ నా దిక్కు చాపే కొంగు కావాలె. ఆమె ఏం కోరుకున్నదో, ఎందుకంత గట్టిగ కోరుకున్నదో ఇప్పుడు సమజైంది.

మామ లేచి తిరుగుతున్నంక పాస్టరయ్య సమాధుల తోటవాళ్లతోటి మాట్లాడి వదినె గోరీ పక్కన చిన్న జాగ ఇప్పించిండు. ఆ పొద్దు గేటు కాడ మామ బీడి ముట్టియ్యలే. చెప్పులిడిచి లోపలికి నడిచిండు. దారి ఎవర్నీ అడగలే, నేరుగ పొయ్యి ఆ చిన్న గోరీ కాడనే ఆగిండు. కుండను చీరెల చుట్టింది ఆయనే. అంతా చుట్టి, కొంగు మాత్రం విడిగ ఉంచిండు. గుంతల దించినంక మోకాళ్ల మీద వంగి, ఆ కొంగును గుంత అంచు దాకా తెచ్చి బిడ్డ దిక్కు పరిచిండు. అందుతదో లేదో అని గొణుక్కుంట ఇంకింత జరిపిండు.

పాస్టరయ్య ప్రార్థన చేసిండు. నేను పిడికెడు మన్నేసిన. మామ అవతలి కొస నుంచి మన్ను తోసుకుంట వచ్చిండు. గుంత నిండినంక కూడ చిన్న గోరీ పక్కన ఎర్రంచు ఏలెడంత బయటికే ఉన్నది. పాస్టరయ్య దాని మీద మన్ను కప్పబోతే మామ ఆయన చెయ్యి పట్టుకున్నడు.

"ఉండనియ్యి అయ్యా. చిన్నపిల్ల. లేవంగనే చేతికి దొరకాలె."

గేటు దాకా వచ్చి ఎనుకకు తిరిగి చూసిన. ఎర్రంచు గాలికి మెల్లగ కదులుతనే ఉన్నది.