ఇర్ఫాన్ కోరిన రాజ్యం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని కాపాడుకోవడానికి ఆడిన ఇంకో అబద్ధాన్ని కూడా. విన్నవాళ్లు అప్పుడే నమ్మేశారు, మళ్లీ ఎన్నడూ నిలదీయలేదు. నిలదీసి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. నా పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీ ముందు నోరు పెగులుతోంది. వినండి, చాలు.

రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులవి. మాది పెద్దవంగర దగ్గర పల్లె. జనగామలో డిగ్రీ చదివేవాణ్ణి. సమ్మెలతో కాలేజీలు మూతపడ్డాయి. పొద్దున రోడ్డు మీద నినాదాలు, వంటావార్పు. మధ్యాహ్నం కాగానే మేం ముగ్గురం నెట్ సెంటర్‌లో చేరేవాళ్లం. ఇర్ఫాన్ జనగామ వాడే, వాళ్ల నాన్న దర్జీ. ఆ నెట్ సెంటర్ వాళ్ల మామది. సమ్మయ్య ఘనపూర్ అవతల అడవి అంచున ఉండే కోయ కుటుంబం వాడు. హాస్టల్‌లో నాదీ వాడిదీ ఒకే గది.

రాజ్యాలు కట్టి, సైన్యాలు పెంచి, యుద్ధాలు చేసే కంప్యూటర్ ఆట ఒకటుండేది. మాకు అదంటే పిచ్చి. దాన్ని ఒక కంపెనీ కాదు, ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్‌లో కలిసి పెంచుతుండేవారు. రోమ్ ఉంది, ఈజిప్టు ఉంది, పర్షియా ఉంది. మన వైపు వాళ్లు ఎవరూ లేరు. మేం అడిగితే, మీ ప్రాంతం నుంచి ఒక్క రాజ్యానికి చోటిస్తాం, మీరే తయారుచేసి పంపండి అన్నారు.

నేను కాకతీయులన్నాను. నాకు మరో ఆలోచనే రాలేదు. అప్పటికే తోరణం గీసేశాను, ఏనుగుల దళం గీసేశాను. సినిమాల్లో మా యాసను వెక్కిరిస్తుంటే విని పెరిగినవాణ్ణి. మాకూ కోటలుండేవని, చెరువులు తవ్వించిన రాజులుండేవారని లోకానికి చూపించాలని తహతహలాడాను. సమ్మయ్య మాత్రం మేడారం కోయ దొరల రాజ్యం పెడదామన్నాడు. కప్పం కట్టమని వచ్చిన కాకతీయ సైన్యానికే ఎదురు నిలిచినవాళ్లు. వాళ్ల కథలు వాడు అమ్మమ్మ దగ్గర వింటూ పెరిగాడు. వాళ్లకు రాతికోటలు లేవు కదా, ఏం గీయాలి అన్నాను. "అడివి గియ్యి. గదే వాళ్ల కోట" అన్నాడు.

తేలలేదు. ఇక ఇర్ఫాన్ మాటే ఆఖరు అని ఇద్దరం ఒప్పుకున్నాం. వాడు మహబూబాబాద్‌లో మేనత్త ఇంటికి వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. సమ్మయ్య చాయ్ తేవడానికి బయటికి వెళ్లినప్పుడు నా ఫోన్ మోగింది.

"మస్తు సోచాయించినరా. సమ్మయ్యోళ్లదే పెడదాం" అన్నాడు ఇర్ఫాన్.

"కాకతీయులు గంత పెద్దోళ్లు గదరా" అన్నాను.

"గందుకే అంటున్న. వాళ్ల పేరు అందరికి ఎరికే. మనల్ని గుర్తు పట్టుండ్రి అనుకుంట మనం రోడ్ల మీద కూసుంటున్నం. మల్ల మనమే సమ్మయ్యోళ్లను పక్కకు నూకితే ఎట్లరా?"

ఫోన్ పెట్టేశాను. సమ్మయ్య చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"ఇర్ఫాన్ ఫోన్ చేసిండా? ఏమన్నడు?"

"కాకతీయులే అన్నడు."

వాడు ఒక గ్లాసు నా ముందు పెట్టాడు. "సరే తియ్. గట్లనే కానియ్" అన్నాడు. అంతే. ముఖం కొంచెం చిన్నబోయింది. అది చూశాను. చూసి, తల తిప్పుకున్నాను.

ఇర్ఫాన్ తిరిగొచ్చాక వాడికి ఇంకొకటి చెప్పాను. సమ్మయ్యే మనసు మార్చుకున్నాడని, ఆ సంగతి ఎత్తితే బాధపడతాడని, అడగొద్దని. వాడు అడగలేదు. తనకు వ్యతిరేకంగా ఓటేశాడనుకున్న ఇర్ఫాన్‌ను సమ్మయ్య కూడా ఒక్క మాట అనలేదు. ఇద్దరిదీ మంచితనమే. నా అబద్ధం దాని మీదే నిలబడింది.

ఆ తర్వాత సమ్మయ్య చేసింది ఇప్పటికీ నన్ను వదలదు. కాకతీయుల కాలం నాటి ఘనపూర్ కోటగుళ్లకు వెళ్లి, ఒక్కో స్తంభం, ఒక్కో శిల్పం ఫోటో తీసుకొచ్చాడు. నా కాకతీయుల కోసం! మా సైనికుల కేకలన్నీ వాడి గొంతే. ఆటలో రాజధాని చుట్టూ అడవి పెట్టి, అందులో దోపిడీ మూకలుగా కోయలను పెట్టింది నేను. వాళ్లకూ వాడి గొంతే వాడాను. అంత పని ఎలా చేయగలిగాను? వాడు వద్దనలేదు కాబట్టి తప్పు కాదనుకున్నానా? వద్దనడని తెలిసే చేశానా?

ఆట బయటికి వచ్చింది. ఘనపూర్‌లో ఇంటర్ చదువుతున్న వాడి చెల్లె స్వరూప చూడ్డానికి జనగామ దాకా వచ్చింది. కాసేపు ఆడింది. బాగా ఆడింది కూడా. తర్వాత తెరంతా వెతుకుతూ, "అన్నా, గిండ్ల మనమెక్కడున్నం?" అని అడిగింది. సమ్మయ్య అడవి మూల చూపించాడు. "గీడ ఉన్నం" అన్నాడు. స్వరూప అప్పటికే అక్కడి వాళ్లందరినీ చంపేసి ఉంది. ఆ పిల్ల మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

ఆ ఆటే నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం ఇప్పించింది. ఇంటర్వ్యూకి సమ్మయ్య తోడొచ్చాడు, బస్సులో దారి పొడవునా సీపీయూను ఒళ్లో పెట్టుకుని. ఎవరు చేశారని అక్కడి వాళ్లు అడిగితే, నేను నోరు తెరిచేలోపే "అంత వీడే చేసిండు సార్" అన్నాడు. ఈ రోజు నేను తినే అన్నం వాడు పెట్టిందే. ఇది మాట వరసకు అనడం లేదు.

ఇప్పుడు నా పని కూడా అదే. కొత్త ఆటల్లో ఏ రాజ్యాలు పెట్టాలో కూర్చుని తేల్చడం. అందరూ పెద్ద రాజుల పేర్లు చెబుతారు. మనం ఎవరిని పక్కకు నెడుతున్నామో కూడా చూద్దాం అంటాను నేను. అలా కొందరికి చోటు దొరికింది కూడా. ఎంత చక్కగా ఆలోచిస్తావు అని మెచ్చుకుంటారు. అది నా ఆలోచన కాదు. ఆ రోజు ఫోన్‌లో విని తొక్కిపెట్టిన మాటే నన్ను మనిషిని చేసింది. ఇర్ఫాన్‌కు నేను ఎంత రుణపడ్డానో వాడికి తెలియదు.

మొన్న జనగామ వెళ్లి వాడికి చెప్పేశాను. వాళ్ల నాన్న కుట్టు మిషన్ మీద ఇప్పుడు వాడే కూర్చుంటున్నాడు, దాన్ని ఆపి విన్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్? వానికి చెప్పు" అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

సమ్మయ్య ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచర్. నేను వెళితే పిల్లలకు గర్వంగా పరిచయం చేస్తాడు, చేతులు పట్టుకుని అన్నం దగ్గర కూర్చోబెడతాడు. ఎదురుగా చెప్పాలని రెండుసార్లు వెళ్లి, తిని వచ్చేశాను. అందుకే, ఎప్పటికైనా వాడి కంట పడుతుందని ఇలా రాస్తున్నాను. వాడు క్షమిస్తాడా? క్షమించేస్తాడేమోననే నా భయం. అందుకే అది అడగను. వాడికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకోవాలో లెక్కలేదు, కానీ అబద్ధాన్ని కింద పెట్టుకుని చెప్పే కృతజ్ఞతకు విలువేముంటుంది? ముందు ఇది చెప్పాలి.

సమ్మయ్యా, ఆ రోజు ఇర్ఫాన్ మీ రాజ్యాన్నే పెడదామన్నాడు. కాదని నీకు చెప్పింది నేను.