మేష్టారి కాళ్ళు తూర్పుకే

మా మిషను బడి మేష్టారు పోయారన్న కబురు నాకు ఆమదాలవలస స్టేషనులో తెలిసింది. విజయనగరం నుంచి తెచ్చిన కరపత్రాల కట్ట భుజాన వేసుకుని బయటికి వస్తుంటే, మా పేట జట్కా అతను బండి మీంచే కేకేశాడు.

"బాబూ, బేగి ఎక్కు. మేష్టారు ఎల్లిపోనారు. నువ్వొచ్చేదాకా పెట్టె మూత ఎయ్యొద్దని అమ్మగారు కూకున్నారు."

చచ్చినవాడు లేవడని ఊరూరా కాగితాలు పంచేవాడికి, చర్చిలో ఉపదేశి కూడా అయిన మేష్టారి శవపేటిక దగ్గర ఏం పని అని మీరు అడగొచ్చు. జట్కాలో కూర్చుని నన్ను నేనూ అదే అడిగాను. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. దుమ్మని చెప్పాను. రెండు రోజులుగా వాన కురుస్తున్న రోడ్డు మీద దుమ్మేమిటని జట్కా అతను అడగలేదు. మంచివాడు.

నాకు అక్షరాలు నేర్పింది మేష్టారే. ఆ అక్షరాలు పట్టుకునే పదిహేడో ఏట ఆయన మీదికి యుద్ధానికి వెళ్ళాను. ఆయన అరుగు మీద భోజనం చేస్తున్నారు. నా కరపత్రం ఎడమచేత్తో పుచ్చుకుని, కుడిచేత్తో చేపముల్లు తీసుకుంటూనే చివరిదాకా చదివారు.

"బాగా రాసేవురా. కోపం ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది."

"చచ్చినవాడు లేస్తాడా లేదా మేష్టారూ? సూటిగా చెప్పండి."

"కూకో. ముందు తిను."

"నేను తినడానికి రాలేదు!"

"ఆ శిష్యులూ తినడానికి రానేదురా. ప్రభువుని ఒదిలీసి పారిపోయి, మళ్ళీ వలలట్టుకుని బతుకుతన్నారు. సమాధిలోంచి లేచిన ప్రభువు ఏటి సేసేడు? ఒడ్డున నిప్పేసి, సేపలు కాల్చి, తినడానికి రమ్మన్నాడు. నన్నెందుకొదిలీసినారని ఒక్కమాట అడిగేడా? నానైతే అడుగుదును. నువ్వైతే కరపత్రం ఏస్తువు."

ఆయన వేదాంతమంతా అంతే. సమాధి రాయి దొర్లడం ఒక్కటే కాదు, మనని వదిలేసి పోయినవాళ్ళకి పొద్దున్నే లేచి వండిపెట్టగలగడం కూడా పునరుత్థానమే ఆయనకి. "ఆకరి రోజున ఒక్కసారే లేద్దామంటే ఒళ్ళు లేవదురా, రోజూ అలవాటు సెయ్యాలి" అనేవారు.

ఆ అలవాటు దెబ్బ నేనూ తిన్నాను. ఒకసారి సంత దగ్గర మీటింగులో, బల్లెక్కి, ఆయన ఎదుటే "దొరల రొట్టెకి అమ్ముడుపోయిన పంతులు" అనేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు. మర్నాడు తెల్లారేసరికి మా గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో చేపల కూర దాకతో.

"తిను. తిన్నాక తిట్టు. కాళీ కడుపుతో తిడితే గొంతు పోతాది."

తిన్నాను. తిట్టలేకపోయాను. ఆ ఓటమికి జవాబు ఈనాటికీ ఏ కరపత్రంలోనూ కనపడలేదు.

లోపాలు లేని మనిషేం కాదు. పాట ఎప్పుడూ అందనంత పైన ఎత్తుకుని, సగంలో దగ్గి, మిగతాది సంఘం నెత్తిన పడేసేవారు. పైగా చెప్పుల పిచ్చి. కిర్రు చెప్పుల జత ఒకటి కుట్టించి, కాలు పెట్టకుండా దాచుకున్నారు. లేచే రోజుకట! సమాధుల తోటలో అన్నీ తుమ్మముళ్ళు కదా అనేవారు. "లేచాక వచ్చే మహిమ శరీరానికి ముళ్ళు గుచ్చుకుంటాయా?" అని నేను ఎగతాళి చేస్తే, "ప్రభువుకే లేచినా మేకుల గాయాలు మాననేదు, నానెంత?" అన్నారు.

ఈ వేసవిలో మంచం పట్టాక నన్ను పిలిపించారు. మా చర్చి వాళ్ళు శవాన్ని కాళ్ళు తూర్పుకి ఉంచి పాతిపెడతారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడనీ, లేచి కూర్చోగానే ఎదురుగా ఆయనే కనపడాలనీ.

"ఒరే, నా కాళ్ళు తూరుపుకున్నాయో నేదో నువ్వే సూసుకో."

"నాకు నమ్మకం లేదు కదండీ! ఇంకెవరికైనా చెప్పండి."

"నమ్మకం నాకుంది. కేకలు నీకున్నాయి. ఆ రోజున కేకలే కావాలి."

నేను మాటివ్వలేదు. సిద్ధాంతం అడ్డొచ్చింది. విసురుగా లేచి వచ్చేశాను. మళ్ళీ ఆయన్ని చూసింది ఆ పెట్టెలోనే.

పాత సమాధుల తోట చర్చికి పడమట ఉండేది. అది నిండిపోతే చర్చికి తూర్పున కొత్త జాగా తీసుకున్నారు. అందులో మొదటి గొయ్యి మేష్టారిదే. తాతల నాటి నుంచీ మా వాళ్ళకి తెలిసిన లెక్క ఒక్కటే: కాళ్ళు చర్చి వైపు. పాత తోటలో అది తూర్పే. ఆ రోజూ చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ చర్చి వైపే పెట్టారు. లోపలికి రానని పంతం పట్టి నేను కంచె బయట నిలబడ్డాను. పెట్టె తాళ్ళ మీద దిగుతోంది. పాట మూడో చరణంలో ఉంది. చర్చి అటుంది, కాళ్ళు అటున్నాయి, అంటే...

"ఆపండీ!"

పాట తెగిపోయింది. నేను కంచె దూకి గొయ్యి దగ్గరికి వచ్చేశాను.

"ఏటయిందిరా?" అన్నాడు సంఘపెద్ద.

"కాళ్ళు పడమటికున్నాయి! చర్చి ఇక్కడికి పడమట! తిప్పండి!"

"దేవుడికి అన్ని దిక్కులూ ఒకటే బాబూ" అన్నారు పాస్టరుగారు, తడుస్తున్న బైబిలు చంకలో పెట్టుకుంటూ.

"దేవుడికి ఒకటేనండీ, మేష్టారికి కాదు! బతుకంతా ఎదురుచూసిన మనిషి ఆ ఒక్క క్షణం ప్రభువుకి వీపు పెట్టి కూర్చోవాలా? ఆ నడుంనొప్పితో వెనక్కి తిరిగి చూడగలరా?"

తోటంతా నా వైపే చూస్తోంది.

"అయితే లేస్తారంటావు" అన్నాడు సంఘపెద్ద మెల్లిగా.

"లేస్తారో లేదో తరవాత తేల్చుకుందాం! ముందు తిప్పండి!"

అప్పుడు వినపడింది నవ్వు. మేష్టారి ఇల్లాలు, అమ్మగారిది. కొంగు నోట్లో కుక్కుకుని, ఏడుస్తూనే నవ్వుతున్నారు. "సెప్పినారు ఆయన. ఆడొస్తాడు, అరుస్తాడు, నువ్వు బెంగెట్టుకోకని."

ప్రపంచ యుద్ధం రోజులు, మంచి కలప దొరక్క పెట్టె మామిడి పలకలతో చేశారు. తడిసి బండలా ఉంది. దాన్ని పైకి లాగి, జారే బురదలో, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకుంటూ సగం చుట్టు తిప్పాం. కాళ్ళ వైపు నేనే పట్టాను.

ఇంటికి వచ్చాక అమ్మగారు ఆ కిర్రు చెప్పులు నా చేతిలో పెట్టారు.

"పెట్టెలో పెట్టలేదేంటండీ?"

"మట్టిలో తోలు పాడైపోతాదని ఒద్దన్నారు నాయనా. నీకిమ్మన్నారు. లేచిన పొద్దున్న నువ్వే అట్టుకెళ్ళాలట."

వాదించబోయాను. ఆవిడ మొహం చూసి, చెప్పులు చంకలో పెట్టుకున్నాను.

ఇప్పుడవి నా గదిలో కరపత్రాల కట్టల పక్కన ఉన్నాయి. నా సిద్ధాంతం మారిందని దయచేసి ఎవరూ పుకారు పుట్టించవద్దు. మారలేదు. మారి ఉంటే నాకింకా కబురు అందలేదు. కానీ తోలు ఎండితే బీటలు వారుతుంది కదా. అందుకని ఆదివారం ఆదివారం వాటిని తుడిచి, ఆముదం రాసి, మొనలు తూర్పుకి తిప్పి గుమ్మం దగ్గర పెడుతున్నాను.