హీటర్‌లోంచి చల్లగాలి

లీలావతి కారు నేర్చుకున్నది నలభై ఎనిమిదేళ్ల వయసులో, తప్పనిసరై. అప్పటిదాకా ఆ ఇంట్లో కారు సదాశివరావుది. ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఆయన మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆదివారం వస్తే బానెట్ ఎత్తి తలదూర్చేవాడు. భార్యను టార్చి పట్టుకోమనేవాడే కాని స్పానర్ మాత్రం అందుకోనిచ్చేవాడు కాదు.

మూత్రపిండాలు పాడై డయాలసిస్ మొదలయ్యాక ఆయన కాళ్లలో బలం పోయింది. వారానికి మూడుసార్లు సాకేత్ దగ్గరి సెంటర్‌కు తీసుకెళ్లే పని లీలావతిది అయింది. కాకినాడలో సైకిల్ కూడా తొక్కని మనిషి బదర్‌పూర్ ఫ్లైఓవర్ మీద లారీల మధ్య నడపడం నేర్చుకుంది. సదాశివరావు మాత్రం ఆ తర్వాత బానెట్ వైపు రావడం మానేశాడు. ఇంజిన్ చప్పుడు మారినా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

హోలీకి ముందు రోజుల్లో రేడియేటర్ గొట్టం ఒకటి చిట్లి కారు మెకానిక్ షెడ్డులో ఉండిపోయింది. అనుకున్న రోజుకు బండి చేతికి రాలేదు. ఒక డయాలసిస్ తప్పిపోయింది. హోలీ ముందురోజు చీకటిపడే వేళకు మెకానిక్ కొత్త గొట్టం వేసి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మిగిలిన డబ్బా డిక్కీలో పడేసి, బండి ఇంటి ముందు పెట్టి ఊరెళ్లిపోయాడు.

తెల్లవారేసరికి సదాశివరావు ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడటం లేదని రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. లీలావతి సెంటర్‌కు ఫోన్ చేసింది.

"ఈరోజు హాఫ్ డే మేడమ్. మధ్యాహ్నం లోపు వస్తే మెషీన్ పెడతాం. ఇంకోటి మిస్ చేయకండి, ప్లీజ్," అంది నర్సు.

పండగ కాబట్టి మెట్రో మధ్యాహ్నం దాకా లేదు. క్యాబ్ ఒక్కటీ దొరకలేదు. సొంత కారే దిక్కు. భర్తను ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరింది. ఆయన వణుకుతున్నాడని హీటర్ వేసింది. గాలి గోరువెచ్చగానైనా రాలేదు. కాలనీ గేటు దాటి మెయిన్ రోడ్డు ఎక్కారో లేదో, వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకసాగింది.

"ఏవండీ, ముల్లు పైకెళ్తోంది!"

ఆయన కళ్లు తెరవలేదు. లీలావతి వెంటనే బండి తిప్పి ఇంటికి తెచ్చి, గేటు లోపల ర్యాంపు మీదే ఆపి ఇంజిన్ కట్టేసింది. ముందు చక్రాలు ఎత్తు మీద, వెనకవి పల్లంలో ఉన్నాయి.

చప్పుడుకు కింది వాటాలో ఉండే సాయినాథ్ పరుగెత్తుకొచ్చాడు. వరంగల్ నుంచి వచ్చి గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. చెవుల దాకా గులాబీ రంగు. సొంత కారు లేదు, స్కూటరే.

"ఏమైందక్కా? ఇంజిన్ వేడెక్కిందా? ఉండు, మూత తీసి నీళ్లు పోస్త," అంటూ బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు!" సదాశివరావు కారులోంచి అరిచాడు. ఆ ఒక్క అరుపుకే ఆయనకు ఆయాసం వచ్చేసింది. "మొహం కాలిపోద్ది. చల్లారనీ."

సాయినాథ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత ఫోన్ తీసి అంబులెన్స్‌కు చేశాడు. "బండ్లన్నీ బయటికి పోయినయంట. ఎప్పుడొస్తదో చెప్పలేమన్నరు. పేరు మాత్రం రాపిచ్చిన."

చెయ్యగలిగిందేమీ లేక ముగ్గురూ ఇంజిన్ చల్లారడం కోసం ఎదురుచూశారు. వీధిలో డోలక్ మోగుతోంది. లీలావతి భర్త కాళ్లు చూసింది. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. కాస్త వంగి నెమ్మదిగా అడిగింది.

"హీటర్ వేస్తే చల్లగాలే వచ్చిందండీ. ఇంజిన్ అంత కాలిపోతుంటే అదేంటి?"

ఆయన కళ్లు తెరిచాడు. చాలా కాలం తర్వాత ఆమె కేసి ఆ పాత ఆదివారాల చూపు చూశాడు.

"చల్లగాలా? అయితే లోపల గాలి చిక్కుకుంది, లీలా. గొట్టం మార్చినవాడు గాలి తియ్యలేదు. వేడినీళ్లు హీటర్ దాకా తిరగట్లేదు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చెప్తాను. నువ్వే చెయ్యాలి."

ఒక్కో మాటకు ఆగి ఆగి చెప్పాడు. ముందు రెండు గొట్టాలూ పట్టుకుని చూడమన్నాడు. పైది ఇంకా వేడిగా ఉంది, కిందిది చల్లగా ఉంది. కొత్త గొట్టం బిగింపు చూడమన్నాడు. క్లిప్పు కింద తడి తగిలింది. లీలావతి స్క్రూడ్రైవర్‌తో దాన్ని బిగించింది. తర్వాత మందపాటి తువ్వాలు వేసి, రేడియేటర్ మూతను కొంచెం తిప్పి ఆగి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా పోయాక తీసింది. లోపల కూలెంట్ కనబడలేదు. డిక్కీలోని డబ్బా తెచ్చి పోసింది. గుటగుటమంటూ చాలానే పట్టింది.

"పై గొట్టం పక్కన చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది. గాలి పోవడానికి. కొంచెం వదులు చెయ్. బండి ముందువైపు ఎత్తులో ఉంది, గాలి పైకే వస్తుంది. హీటర్ ఫుల్లు వేడిలో పెట్టి స్టార్ట్ చెయ్. చున్నీ నడుముకు కట్టుకో, ఫ్యాను లాగేస్తుంది." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "బుడగలొస్తాయి. ఆగిపోతే గాలి పోయినట్టే. ఆగకుండా వస్తూనే ఉంటే, ఇంజిన్ లోపలే దెబ్బతిన్నట్టు. అప్పుడు బండి వదిలెయ్."

"వదిలేసి?"

ఆయన తల సీటు మీద వాలిపోయింది. పిలిస్తే "ఊఁ" అంటున్నాడు కాని కళ్లు నిలపలేకపోతున్నాడు.

"అక్కా, అన్నను చూస్తే భయమైతుంది. బండి సంగతి ఇడిసిపెట్టి ఎవరి కారన్న అడుగుదమా?"

"అడుగు. గేటు దాకా వెళ్లి ఎవరు దొరికితే వాళ్లని అడుగు. నేనిది ఆపను."

సాయినాథ్ వీధిలోకి పరుగెత్తాడు. లీలావతి చున్నీ నడుముకు కట్టుకుని, మర వదులు చేసి, హీటర్ ఫుల్లు పెట్టి స్టార్ట్ చేసింది. మర పక్కనుంచి సుయ్‌మని గాలి, తర్వాత నురగ, ఆకుపచ్చటి చుక్కలు చిమ్మాయి. రేడియేటర్ నోట్లో బుడగలు లేచాయి. చిన్నవి, పెద్దవి, మళ్లీ చిన్నవి. మట్టం దిగినప్పుడల్లా పోస్తూ, చేతికి గుడ్డ చుట్టుకుని గొట్టాన్ని పిసికింది. పిసికినప్పుడల్లా ఇంకో బుడగ. ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను బుడగల మీద, చెవి భర్త ఊపిరి మీద.

బుడగలు ఆగలేదు.

ఇంజిన్ లోపలే పోయిందేమో అనుకుంది. ఇంజిన్ కట్టేద్దామని తాళం వైపు వెళ్లి, తిరిగి వచ్చి మరోసారి గొట్టాన్ని గట్టిగా నొక్కింది. లోపలెక్కడో గుబుక్కుమంది. అరచేతి వెడల్పు బుడగ ఒకటి లేచి పగిలి, కూలెంట్ ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. డబ్బాలో ఉన్నదంతా పోసేసింది. మరలోంచి ఇప్పుడు నురగ లేదు, సన్నటి ధార ఒకే తీరున వస్తోంది. మర బిగించింది, మూత పెట్టింది. కింది గొట్టం మీద చెయ్యి వేస్తే కాలింది.

కారులోకి చెయ్యి పెట్టి చూసింది. హీటర్‌లోంచి వేడిగాలి భర్త మోకాళ్ల మీదికి కొడుతోంది.

ముల్లు సగానికి వచ్చి నిలబడింది. కాసేపటికి రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరిగి, మళ్లీ దానంతటదే ఆగింది. వేడి అదుపులోకి వచ్చినట్టే. అప్పుడే సాయినాథ్ వట్టి చేతులతో వచ్చాడు. "అందరూ భాంగ్ తాగి ఉన్నరక్కా. నడిపేటోడు ఒక్కడు లేడు."

"ఎక్కు. వెనక కూర్చుని ఆయన తల పట్టుకో."

ఆ ప్రయాణమంతా లీలావతి రోడ్డు ఎంత చూసిందో ముల్లునూ అంతే చూసింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అది వెంట్రుకవాసి కదిలింది. దిగేటప్పుడు మళ్లీ సర్దుకుంది. ఒక మలుపులో ఎవరో నీళ్ల బెలూన్ విసిరితే అద్దమంతా ఎర్రటి నీళ్లు. వైపర్ వేసి ఆగకుండా పోనిచ్చింది.

సెంటర్‌లో నర్సులు ఆయన్ని స్ట్రెచర్ మీదే లోపలికి తీసుకుపోయారు. డాక్టర్ బీపీ చూసి, ఆక్సిజన్ పెట్టించి, మెషీన్ తగిలించమన్నాడు. "ఇంకొంచెం ఆలస్యమైతే ఐసీయూ అయ్యేది," అన్నాడు. లీలావతి బయట బెంచీ మీద కూర్చున్నాక గానీ తన చేతివేళ్లు బొబ్బలెక్కాయని గమనించలేదు. సాయినాథ్ ఎక్కడినుంచో బర్నాల్ తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రానికి సదాశివరావు ముఖం దిగింది. ఆయాసం తగ్గింది. లీలావతి లోపలికి వెళ్లి పక్కన స్టూల్ మీద కూర్చుంది.

"బుడగలు ఆగాయా?" అని అడిగాడు.

"ఎంతకీ ఆగలేదండీ. వదిలేద్దామనే అనుకున్నాను. చివర్లో అరచెయ్యంత బుడగ వచ్చి..."

ఆమె మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. క్లిప్పు కింద తడి, నురగ, గొట్టం పిసికిన తీరు. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. మూడోది వేయబోతూనే నిద్రలోకి జారుకున్నాడు. లీలావతి మాత్రం ఫ్యాను తిరిగి ఆగిన దాకా, గొంతు తగ్గించి, చెప్పడం ముగించింది.