దిగులు లేదన్న మనిషి

రెండువేల అయిదులో నాదో ఉద్యోగం. మనసు ఎంత కులాసాగా ఉందో కొలిచే ప్రశ్నలు పల్లెల్లో సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. ఏన్కూరు బస్టాండులో, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టతో నా పక్కన కూర్చున్న పెద్దావిడను అడిగాను.

"అమ్మా, నీకు దేని గురించైనా దిగులుందా?"

"లేదు బిడ్డా."

దిగులు లేకుంటే పూర్తి మార్కులు. వేసేశాను. ఇంత నిబ్బరం ఎట్లా వచ్చిందని అడిగాను.

"నా బిడ్డ బతికున్నన్ని రోజులు మస్తు దిగులుండె. జరమొచ్చి మొన్న పోయింది. ఇంక ఎవరి గురించి దిగులుపడాలె?"

చేతిలోని కాగితం వైపు చూశాను. వేసిన మార్కులు అట్లాగే ఉన్నాయి.

బస్సొచ్చింది. ఆమె కట్ట నెత్తికెత్తుకుంటూ అడిగింది. "నీకున్నదా దిగులు?"

"ఉందమ్మా. ఇంట్లో చంటిపాప."

"ఉండనీ బిడ్డా. ఉంటేనే మంచిది."