మంచెకు ఆనించి వదిలిన నిచ్చెన

మా తమ్ముడి కొడుకు రంగడు రాత్రి కావలిలో జొన్నచేను మంచె మీది నుంచి తుపాకి పేల్చితే ఒకడి కాలికి గుండు తగిలింది. అది ప్రాణం కాపాడుకోవడమా, నేరమా అని అవినాశి సంతంతా రెండుగా చీలింది. రేపు కోయంబత్తూరు కుంపిణీ దొరల కచేరీలో విచారణ. నేరమని తేలితే వాడికి జైలే.

ఈ ఉదయం మా తిన్నె మీద, చంపవచ్చినవాణ్ణి కొట్టినా దోషం లేదని ధర్మశాస్త్రం ఎత్తి చెప్పాను. పక్కచేను బంగారునాయుడు నవ్వాడు. గట్టు తగాదాతో ఎన్నో ఏళ్లుగా నాకు పగవాడు.

"శాస్త్రం సరేనప్పా. మంచె ఎక్కినోడు నిచ్చెన పైకి లాక్కుంటాడు గదా. కిందుండేవాడితో వీడికేం ప్రాణభయం?"

రంగడు తల వంచుకునే నాయుడి వైపు తిరిగి నోరు విప్పాడు.

"నిచ్చెన లాగలేదు మామా. గంజి తాగను మీరొస్తారని కిందికే వదిలినా. వాడు కత్తితో సగం ఎక్కినాడు, ఎవరంటే పలకలేదు. పెదనాయన కోప్పడతాడని ఇన్నాళ్లు చెప్పలేదు."

నా శత్రువు రోజూ నా మంచె మీద నా గంజి తాగుతున్నాడన్నమాట. నన్ను ఓడించే ఆత్రంలో ఆ సంగతే మరిచినట్టున్నాడు.

"ఒరే, నన్నే కాల్చింటే?" అన్నాడు నాయుడు మెల్లగా.

"మీరు దగ్గుతా వస్తారు గదా మామా."

రేపు మా మంచె నిచ్చెన రోజూ కిందే ఉంటుందని చెప్పడానికి ఆయన సాక్షిగా నా బండిలోనే కచేరీకి వస్తున్నాడు. దారి పొడుగునా ఆ దగ్గు వినాలి. గట్టు మాట పోయేటప్పుడు ఎత్తను, తిరిగొచ్చేటప్పుడు ఎత్తుతాను. తప్పంటారా?