సమన్వయం గారి గుక్క

ఆయన అసలు పేరుతో ఆఫీసులో ఎవరికీ పనిలేదు; అందరికీ ఆయన సమన్వయం గారు. తిండి నాణ్యత, ప్రకృతి, నీటి సంరక్షణ మీద సర్కారు సొమ్ముతో నాలుగు సంస్థలు కలిసి చేస్తున్న పరిశోధనకు ఆయనే పెద్ద. సమన్వయమంటే ఆయన లెక్కలో నాలుగు సంస్థల గుర్తులనూ తెర మీద ఒకే వరసలో నిలబెట్టడం. పొద్దున్నే వచ్చి కుర్చీని రుమాలుతో తుడుచుకుంటాడు, మెళ్లో కార్డును బొజ్జ మీద సర్దుకుంటాడు, ఇక సాయంత్రం దాకా మీటింగులే మీటింగులు. "ప్రజాధనం" అన్నప్పుడల్లా అరచెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్తుంది.

మొన్న చివరి సమావేశంలో రిపోర్టు చదువుతూ, ఊరి కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చని ఘంటాపథంగా చెప్పి, ఆ ఊపులో బల్ల మీదున్న సీసా ఎత్తి గటగటా తాగేశాడు.

"అయ్యో సార్, అది శాంపిలు! ఇంకా పరీక్షే చెయ్యలేదు," అంది ల్యాబు అమ్మాయి.

"ఎక్కడిది?"

"మన ఊరి కుళాయిదే సార్. ఇప్పుడు మీరు చెప్పారే, అదే."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తాడు. కొన్న నీళ్ల సీసా మూత తిప్పి పుక్కిలించాడు, ఉమ్మాడు, మళ్లీ పుక్కిలించాడు, నాలుక గీరుకున్నాడు.

వెనకే వచ్చిన అమ్మాయి మెల్లిగా అడిగింది: "అయితే రిపోర్టు మార్చమంటారా సార్?"

ఆయన రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఎందుకమ్మా? నీళ్లు మంచివే. జనం తాగడానికి."