నేను నాకిన పలక

ఒక రాతి రుచి ఏళ్ల తరబడి నా నాలుక మీద ఉండిపోయింది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నా ముఖం ఎరగరు, వచ్చే వారం మా సంఘం మీటింగులో నా ఎదురుగా కూర్చోరు. ఆ మీటింగు తలుచుకుంటే నాకు భయం.

మాది మార్కాపురం. నాయన దుకాణంలో కాటా పక్కనే పెరిగాను. గుడి ముందు కొబ్బరికాయకు కూడా బేరమాడే ఆడదాన్ని. చాలా ఏళ్ల కిందట, మా ఊరి పలకలకు మళ్లీ పేరు తేవాలని వ్యాపారుల సంఘం విజయవాడ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టినప్పుడు, ఆ నోరు చూసే నన్ను కూర్చోబెట్టారు.

మా రాతి పలక బూడిద రంగులో ఉంటుంది. పక్క స్టాల్‌లో ప్లాస్టిక్ పలకలు మెరుస్తుంటే మావి వెలిసిపోయినట్టు కనిపించాయి. జనం చేతిలోకి తీసుకుని, చూసి, పెట్టేసి పోతున్నారు. సరుకు వెనక్కి మోసుకుపోవడమా? నేనా? ఇనుప గేట్లకు వేసే నల్లరంగు తెచ్చి, కిరసనాయిలులో పలచన చేసి, గుడ్డతో పలకలకు రుద్దాను. నిగనిగలాడాయి. వాసన తెలియకుండా అగరొత్తులు వెలిగించాను. బలపంతో గీస్తే సన్నటి నల్లపొడి లేచింది. చూశాను. చూసి, ఊదేశాను.

మరునాడు ఒక టీచరమ్మ వచ్చింది, వెంట కొడుకు. వాడు పలక మీద ఏదో గీసి, వేలు నోట్లో తడుపుకుని తుడిచి, మళ్లీ ఆ వేలే నోట్లో పెట్టుకున్నాడు.

“రంగేమైనా వేశారా అండీ? మా బడిలో పిల్లలందరూ ఇంతే, ఉమ్మితోనే తుడుస్తారు.”

“రంగేంది మేడం! మా రాయే ఇట్ల పుట్టింది. నమ్మకపోతే చూడండి.”

బల్ల కింద నుంచి ఒక పలక తీసి, ఈ చివర నుంచి ఆ చివరకు నాకాను.

“ఉప్పు తక్కువైంది మేడం, అంతే.”

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తన బడి పిల్లలందరికీ సరిపడా కొనుక్కుపోయింది.

నేను నాకిన దానికి రంగు లేదు. తడిస్తే మా రాయి నల్లగానే కనిపిస్తుంది. ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారని ముందే ఊహించి, ఒక మంచి పలకను తడిగుడ్డలో చుట్టి దాచుకున్నాను. అంటే నాకు తెలుసు. ఆ రంగు నోట్లోకి పోకూడదని తెలిసే, నా నోటికి మాత్రం మంచి పలక ఎంచుకున్నాను.

ఆమెది ఏ ఊరి బడి? అడగలేదు. తొందరలో మరిచిపోయానా, తెలిస్తే వెళ్లి చెప్పాల్సి వస్తుందని అడగలేదా? ఏమీ అయి ఉండదు, పిల్లలు మట్టి తిని కూడా పెరుగుతారు, నాలుగు రోజుల్లో ఆ రంగు వెలిసిపోయి ఉంటుంది, అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నా దగ్గర నేనే బేరమాడి ప్రతిసారీ ఓడిపోయాను. మా మనవరాలు కడుపునొప్పి అంటే నా చేతులు చల్లబడతాయి. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తను.

ఇప్పుడు మా ఊరి సరుకుకు మళ్లీ ప్రచారం మొదలైంది. సంఘం పెద్ద, నేను బాబాయ్ అని పిలిచే ఆయన, నిన్న ఇంటికే వచ్చినాడు.

“నీ నల్ల పలకలే చేపిద్దాం తల్లీ. అప్పుడెట్ల పోయినాయి, కళ్ళముందే! ఆ కిటుకేందో మీటింగులో పలకలు చేసే మన ఆడోళ్ళకు చెప్పు.”

“అట్లనే బాబాయ్,” అన్నాను. నా నోరే అంది.

ఆయన వెళ్లాక అటక మీద మిగిలిన రంగు పలక ఒకటి దించాను. ఎన్ని బడుల పిల్లల వేళ్లు ఈసారి? పలకను నోటి దాకా తెచ్చాను. నాలుక బయటికి రాలేదు.

మీటింగులో లేచి నిలబడగలనో లేదో తెలియదు. అందుకే ముందు ఇక్కడ, ఆ టీచరమ్మతోనే అంటున్నట్టు అనేస్తున్నాను. మేడం, నేను నాకిన పలక వేరు. మీకు అమ్మిన పలకలు వేరు.

ఆ రంగు పలక ఇంకా నా ముందే ఉంది. కానీ మాట బయటికొచ్చింది.